సేవా కేంద్రానికి భవనం: ఎండకూ వానకూ, ఖాళీ ఖజానాకూ తట్టుకునేలా ఎలా నిర్మించాలి? జంషెడ్‌పూర్ నేర్పే పాఠాలు

సేవాసంస్థ కొత్త భవనానికి శంకుస్థాపన జరిగే రోజున దాతలు, అతిథులు, పత్రికల వారు అందరూ ఉంటారు. పదేళ్ల తరువాత అదే భవనం పైకప్పు కురుస్తున్న రోజున సాధారణంగా ఎవరూ ఉండరు.

భవనం కట్టించేందుకు విరాళం ఇచ్చేవారు దొరకవచ్చు. దాత పేరు శిలాఫలకం మీద నిలుస్తుంది. ఆ గోడలకు ఏటా సున్నం వేయించడానికి, మురుగు కాలువ బాగు చేయించడానికి, కరెంటు బిల్లు చెల్లించడానికి విరాళం ఇచ్చేవారు అరుదు. అందువల్ల ఉష్ణమండల దేశంలో ఆసుపత్రి, అనాథాశ్రమం, వృద్ధాశ్రమం వంటి సేవా కేంద్రాన్ని నిర్మించేవారు మొదటి రోజు ఖర్చును మాత్రమే చూస్తే సరిపోదు. ఆ భవనం తరువాతి ముప్పై ఏళ్లు తనను నడిపేవారి నుంచి ఎంత అడుగుతుందన్నదే అసలు లెక్క.

ఈ లెక్కను అర్థం చేసుకోవడానికి ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ మంచి ఉదాహరణ.

జంషెడ్‌పూర్‌నే ఎందుకు చూడాలి?

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం వద్ద, ఒకప్పటి సాక్చీ గ్రామం చుట్టూ పెరిగిన నగరం ఇది. ఇక్కడి కర్మాగారంలో 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైంది. జమ్‌సెట్‌జీ టాటా స్మారకంగా 1919లో ఊరికి ఇప్పటి పేరు వచ్చింది. అంతకు చాలా ముందే, 1902లో, కుమారుడు దొరాబ్‌కు రాసిన లేఖలో జమ్‌సెట్‌జీ భావి నగరాన్ని ఊహించారు. వెడల్పాటి వీధులు, త్వరగా ఎదిగి నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు, ఆలయాలకు, మసీదులకు, చర్చిలకు కేటాయించిన స్థలాలు ఉండాలన్నది ఆయన సూచన.

ఉపాధి కోసం దేశం నలుమూలల నుంచి జనం ఇక్కడికి తరలివచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు వారిలో గణనీయంగా ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి గుర్తు. సొంత ఊరికి, బంధువర్గానికి దూరమైన కార్మికుల నగరంలో సేవాసంస్థల అవసరం సహజంగానే పెరిగింది. రామకృష్ణ మిషన్, భారత సేవాశ్రమ సంఘం, క్రైస్తవ మిషనరీ సంఘాలు ఇక్కడ విద్య, వైద్య, ఆశ్రయ కేంద్రాలను నడుపుతూ వచ్చాయి.

మరో కారణం కూడా ఉంది. నగర విస్తరణకు 1944-45లో అభివృద్ధి ప్రణాళికను రూపొందించిన వాస్తుశిల్పి ఆటో కోనిగ్స్‌బెర్గర్. బెర్లిన్‌లో 1908లో జన్మించిన ఆయన నాజీల పాలన మొదలైన తరువాత జర్మనీని వీడి, 1939లో మైసూరు సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. తరువాతి కాలంలో లండన్‌లో ఉష్ణమండల వాస్తుశిల్ప విద్యకు ఆయన నాయకత్వం వహించారు. సహరచయితలతో కలిసి 1974లో వెలువరించిన ఉష్ణమండల గృహ నిర్మాణ గ్రంథం నేటికీ వాస్తుశిల్ప విద్యార్థులకు పాఠ్యగ్రంథం. వేడిదేశాల్లో ఎలా కట్టాలన్న ప్రశ్నను శాస్త్రంగా మలచినవారిలో ఒకరు ఈ నగరానికి ప్రణాళిక గీశారన్నమాట.

మొదటి ప్రశ్న: ఈ భవనం ఎవరి కోసం, ఎంతకాలం?

నిర్మాణం గురించి ఆలోచించే ముందు అడగవలసిన ప్రశ్న ఇది. సేవా కేంద్రాల చరిత్రలో భవనాలు నిలిచే ఉండగా వాటి ప్రయోజనం తీరిపోయిన ఉదాహరణలు అనేకం.

బ్రిటన్‌కు చెందిన వాస్తుశిల్పి లారీ బేకర్ 1945లో కుష్ఠురోగుల సేవాసంస్థ తరఫున భారతదేశానికి వచ్చారు. పాత కుష్ఠు ఆశ్రమాలను చికిత్సాలయాలుగా మార్చడం ఆయనకు అప్పగించిన పని. ఆ ఆశ్రమాలను రోగులను ఊరికి దూరంగా, జీవితాంతం ఉంచేందుకు కట్టారు. అదే దశాబ్దంలో డాప్సోన్ వంటి మందులు రావడంతో రోగి కోలుకొని ఇంటికి వెళ్లే అవకాశం ఏర్పడింది. వ్యాధిపై అవగాహన మారింది, గోడలు మాత్రం పాత భయాన్నే పట్టుకొని ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసిన తరువాత రోగులను ఆశ్రమంలో ఉంచవలసిన అవసరం మరింత తగ్గింది. జంషెడ్‌పూర్‌కు పొరుగున ఉన్న పురూలియాలో 1888లో మొదలైన కుష్ఠు ఆశ్రమం వంటి సంస్థలన్నీ ఈ మార్పులను దాటవలసి వచ్చింది.

క్షయ విషయంలోనూ ఇదే జరిగింది. చిత్తూరు సీమలోని మదనపల్లె వద్ద డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ నాయకత్వంలో ఆరోగ్యవరం శానిటోరియం రూపుదిద్దుకుంది. అది 1915 నుంచి ఇప్పటి ఆవరణలో పనిచేస్తోంది. పొడి గాలి, విశాలమైన వరండాలు, నెలల తరబడి విశ్రాంతి నాటి చికిత్స. అయితే 1950వ దశకం చివర మద్రాసులో జరిగిన అధ్యయనం ఇంటి వద్ద మందులు వాడినవారికీ శానిటోరియంలో ఉన్నవారికీ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని చూపింది. దానితో ప్రపంచవ్యాప్తంగా శానిటోరియంల అవసరం తగ్గింది. ఆరోగ్యవరం సాధారణ వైద్య కేంద్రంగా మారి నిలిచింది.

దీని నుంచి తేలే నియమం సులువైనది. గదుల మధ్య గోడలు బరువు మోసేవి కాకుండా చూడాలి. నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు ఒకే వైపున ఉండాలి. ఒక కొన వైపు విస్తరణకు ఖాళీ స్థలం వదలాలి. నేటి అనాథాశ్రమం రేపు డయాలిసిస్ కేంద్రమో, వృద్ధాశ్రమమో కావచ్చు.

పునాదికి ముందు చట్టం

జంషెడ్‌పూర్ ప్రాంతంలో స్థలం సమస్య ప్రత్యేకమైనది. నగరంలోని అధిక భాగం భూమి ప్రభుత్వం నుంచి టాటా స్టీల్ లీజుకు తీసుకున్నది. ఆ పరిధిలో స్థలం కావాలంటే లీజు నిబంధనలను అనుసరించాలి. నగరం వెలుపల తూర్పు సింగ్‌భూమ్ జిల్లా మొత్తం రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందకు వస్తుంది. అక్కడ 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం అమలులో ఉంది. ఆదివాసీల భూమిని ఇతరులకు బదిలీ చేయడంపై ఆ చట్టం కఠినమైన ఆంక్షలు విధిస్తుంది.

సంతాల్, హో, భూమిజ్, ముండా ప్రజల భూమి చేజారిపోకుండా కాపాడడమే ఆ చట్టం ఉద్దేశం. సేవ పేరుతో వచ్చేవారికీ ఇది వర్తిస్తుంది. నోటిమాట ఒప్పందంతో, లేదా మరొకరి పేరిట కొన్న స్థలంలో ఆసుపత్రి కడితే, ఏళ్ల తరువాత న్యాయస్థానంలో ఆ భూమి హక్కు నిలవకపోవచ్చు. అప్పుడు నష్టపోయేది ఆ ఆసుపత్రిని నమ్ముకున్న రోగులే. భూమి రికార్డుల పరిశీలన, డిప్యూటీ కమిషనర్ అనుమతి, గ్రామసభతో సంప్రదింపు పూర్తయిన తరువాతే పలుగు నేలను తాకాలి.

స్థలం ఎంపికలో రెండో అంశం నీరు. వానాకాలంలో సువర్ణరేఖ, ఖర్కాయి పొంగినప్పుడు ఒడ్డున ఉన్న లోతట్టు బస్తీలు మునగడం తరచూ జరుగుతుంది. చవకగా దొరికే స్థలం చాలాసార్లు అటువంటిదే. ఎండాకాలంలో స్థలం చూసి నిర్ణయం తీసుకోకూడదు. గత వరదల్లో నీరు ఎంతవరకు వచ్చిందో చుట్టుపక్కల వృద్ధులను అడిగితే తెలుస్తుంది. ఇంటి అరుగు ఆ గుర్తుకు పైన ఉండాలి.

ఎండకు ఒక ఇల్లు, వానకు ఒక ఇల్లు

జంషెడ్‌పూర్ సుమారు 22.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కర్కటరేఖకు కాస్త దిగువన ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి పొడి వడగాలులు వీస్తాయి. మధ్యమధ్య కాలవైశాఖి గాలివానలు విరుచుకుపడతాయి. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు వరకు కుండపోత వానలు, చెమటలు పట్టించే ఉక్కపోత. డిసెంబరు, జనవరిలో రాత్రులు చల్లగా ఉంటాయి.

చిక్కు ఇక్కడే ఉంది. పొడి ఎండలో మందమైన గోడలు, పగలు మూసిన కిటికీలు మేలు చేస్తాయి. ఉక్కపోతలో తెరిచిన కిటికీలు, ఎదురుబొదురుగా గాలి పారే గదులు కావాలి. ఒకే భవనం రెండు విరుద్ధ అవసరాలను తీర్చాలి.

ఇటువంటి చిక్కును విడదీసేందుకే కోనిగ్స్‌బెర్గర్, కార్ల్ మహోనీ, మార్టిన్ ఎవాన్స్ కలిసి పట్టికల రూపంలో ఒక పద్ధతిని రూపొందించారు. ఐక్యరాజ్యసమితి దానిని 1971లో ప్రచురించింది. నెలవారీ ఉష్ణోగ్రత, తేమ, వర్షపాతం వివరాలను పట్టికల్లో నింపితే భవనం ఏ దిక్కుకు ఉండాలి, గదుల మధ్య ఎంత ఎడం ఉండాలి, కిటికీలు ఎంత పెద్దవి కావాలి, గోడలు తేలికగా ఉండాలా మందంగా ఉండాలా అన్న సూచనలు వస్తాయి. కంప్యూటరు అవసరం లేదు. చిన్న సంస్థ సైతం సమీప వాతావరణ కేంద్రం వివరాలతో ఈ లెక్క వేసుకోవచ్చు.

భవనం పొడవు తూర్పు పడమరలుగా సాగితే పొడవాటి గోడలు ఉత్తర దక్షిణాలకు తిరిగి ఉంటాయి. జూన్ మూడో వారంలో జంషెడ్‌పూర్‌లో మధ్యాహ్న సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరులో దక్షిణాన సుమారు 44 డిగ్రీల ఎత్తుకే చేరతాడు. కనుక దక్షిణ కిటికీ మీద తగినంత చూరు ఉంటే వేసవి ఎండ లోపలికి రాదు, చలికాలపు ఎండ వస్తుంది. పడమటి గోడకు ఈ ఉపాయం పనిచేయదు. సాయంత్రపు ఎండ అడ్డంగా పడుతుంది కాబట్టి ఆ వైపున సామాను గదులు, మెట్లు, స్నానపు గదులు ఉంచి, బయట చెట్లు నాటడం మేలు.

ఈ జ్ఞానం పుస్తకాలకు ముందే ప్రజల్లో ఉంది. ఇక్కడి సంతాల్ పల్లెల్లో మందమైన మట్టిగోడలు, కిందికి వాలిన చూరు, నాటు పెంకుల కప్పు, ముందు అరుగు కనిపిస్తాయి. మన మండువా ఇంటిలోని వసారా, ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిల్లు కూడా అదే అనుభవం నుంచి పుట్టినవి.

పైకప్పే కీలకం

నడినెత్తి ఎండలో ఎక్కువ వేడిని మోసేది గోడలు కాదు, పైకప్పు. పలుచని కాంక్రీటు శ్లాబు పగలంతా వేడిని పీల్చి, రాత్రి పడుకున్నవారి మీదకు వదులుతుంది. ఒక్క వరుస రేకుల కప్పు కింద మధ్యాహ్నం రోగిని ఉంచడం ప్రమాదకరం. వృద్ధులు, పసిపిల్లలు, జ్వరపీడితులు ఉండే చోట ఇది అసౌకర్యం మాత్రమే కాదు, ప్రాణాపాయం.

పరిష్కారాలు ఖరీదైనవి కావు. శ్లాబు మీద తెల్లని సున్నం లేదా పగిలిన తెల్ల పింగాణీ ముక్కల పరుపు ఎండను తిప్పికొడుతుంది. శ్లాబుకు పైన కొంత ఎడంతో రేకుల కప్పు వేస్తే నీడా, వాననుంచి రక్షణా రెండూ దొరుకుతాయి. బేకర్ కేరళలో విస్తృతంగా వాడిన పద్ధతిలో శ్లాబు అడుగు భాగంలో బరువు మోయని కాంక్రీటుకు బదులు మంగుళూరు పెంకులను నింపుతారు. సిమెంటు ఆదా అవుతుంది, వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం కూడా ఇదే సూత్రం మీద ఆధారపడింది.

అదే పైకప్పు నీటినీ ఇస్తుంది. 200 చదరపు మీటర్ల కప్పు మీద 1000 మిల్లీమీటర్ల వాన కురిస్తే రెండు లక్షల లీటర్లు. ఇక్కడ ఏటా అంతకన్నా ఎక్కువే కురుస్తుంది. కప్పును చదునుగా కాక వాలుగా ఉంచి, గోడల్లో దాచిన గొట్టాలకు బదులు బయటికి కనిపించే గొట్టాలు పెడితే, ఎక్కడ పూడుకున్నా ఆవరణలోని పనివాడే సరిచేయగలడు.

గాలి కూడా ఔషధమే

క్షయ వంటి వ్యాధులు గాలి ద్వారా వ్యాపిస్తాయి. గాలి ఆడని వార్డు రోగిని నయం చేయవలసిన చోటే మరొకరికి వ్యాధిని అంటించగలదు. పెరూ రాజధాని లీమాలోని ఎనిమిది ఆసుపత్రుల్లో జరిగి 2007లో ప్రచురితమైన అధ్యయనం ఈ విషయాన్ని కొలిచి చూపింది. కిటికీలు, తలుపులు తెరిచినప్పుడు గదిలోని గాలి గంటకు 28 సార్లు మారింది. యంత్రాలతో గాలి మార్చే గదుల్లో ఆ సంఖ్య 12. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు గల యాభై ఏళ్లకు పైబడిన భవనాల్లో 40 సార్లు మారగా, కొత్త భవనాల్లో 17 సార్లే మారింది.

అయితే లీమా వాతావరణం సౌమ్యమైనది. జంషెడ్‌పూర్‌లో మే మధ్యాహ్నం, జనవరి రాత్రి రోగులు కిటికీలు మూసేస్తారు. అందువల్ల కప్పుకు దిగువన, మూయడానికి వీలులేని గాలి రంధ్రాలు ఉండాలి. గదులు ఒకే వరుసలో ఉండి రెండు వైపులా కిటికీలు ఉండాలి. మధ్యలో నడవా, ఇరువైపులా గదులు ఉన్న నమూనా చవకైనదే కానీ గాలిని ఆపేస్తుంది.

దోమల విషయం మరువరాదు. మలేరియా వ్యాప్తిలో దోమ పాత్రను రొనాల్డ్ రాస్ 1897లో నిరూపించినది మన సికిందరాబాద్‌లోనే. కిటికీకి బిగించిన దోమతెర గాలిని గణనీయంగా తగ్గిస్తుంది. తెరను కిటికీలకు కాక వరండా మొత్తానికి బిగిస్తే గాలి పారే వైశాల్యం పెరిగి ఆ నష్టం తగ్గుతుంది. ఆ వరండాయే వేచి ఉండే రోగులకు నీడ, చలికాలంలో కోలుకునేవారికి ఎండపొడ.

స్థానిక ఇటుక, స్లాగ్ సిమెంటు, నీళ్లు

ఉక్కు నగరంలో ఉప ఉత్పత్తులూ నిర్మాణ సామగ్రే. బ్లాస్ట్ ఫర్నేసు నుంచి వచ్చే స్లాగ్‌తో తయారైన సిమెంటు ఇక్కడ సులభంగా దొరుకుతుంది. బూడిద ఇటుకలూ అంతే. బేకర్ తరచూ చెప్పిన ప్రకారం, ఇంటికి వాడే సామగ్రి ఐదు మైళ్ల పరిధిలో దొరికేదై ఉండాలన్న గాంధీజీ మాట ఆయనకు మార్గదర్శకమైంది. రవాణా ఖర్చు తగ్గడం ఒక లాభం. మరమ్మతు అవసరమైనప్పుడు అదే సామగ్రి, అదే మేస్త్రీ దొరకడం అంతకు మించిన లాభం.

అయితే స్లాగ్ సిమెంటు నెమ్మదిగా గట్టిపడుతుంది. పొడి ఎండలో ఇటువంటి సిమెంటుతో వేసిన కాంక్రీటును 14 రోజులు తడుపుతూ ఉండాలని భారత ప్రమాణాలు సిఫారసు చేస్తున్నాయి. ప్రారంభోత్సవ తేదీ తరుముకొస్తే మొదట కోత పడేది ఈ తడుపుకే. దాని ఫలితం కొన్నేళ్ల తరువాత పగుళ్లుగా, తుప్పు పట్టిన కడ్డీలుగా బయటపడుతుంది.

నిర్మాణమే ఒక సేవ కావచ్చు. మెదక్ కేథడ్రల్ 1914 నుంచి 1924 వరకు జరిగిన నిర్మాణంలో కరవు పీడితులకు పని, తిండి దొరికాయని ఆ ప్రాంతం నేటికీ గుర్తు చేసుకుంటుంది. జంషెడ్‌పూర్‌లో 'రేజా' అని పిలిచే మహిళా కూలీలకు న్యాయమైన వేతనం, పనిచేసే చోట నీడ, పసిబిడ్డలకు చోటు కల్పించని నిర్మాణం సేవా కేంద్రం అన్న పేరుకు తగదు.

వాడుకునేవారి శరీరాన్ని కూడా గమనించాలి. కుష్ఠు నయమైనవారిలో కొందరి చేతివేళ్లు వంగిపోయి ఉంటాయి, పాదాలకు స్పర్శ ఉండదు. వారికి గుండ్రటి గడియకు బదులు మోచేతితో నొక్కే పిడి, ఎండకు కాలని చెక్క కమ్మీ, జారని నేల కావాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 వీరినీ తన పరిధిలోకి తెచ్చింది.

డబ్బు లెక్క

కంపెనీల సామాజిక బాధ్యత నిధులతో భవనం కట్టినప్పుడు 2021 నుంచి అమలులో ఉన్న నియమాల ప్రకారం ఆ ఆస్తి కంపెనీ పేరిట ఉండకూడదు. నమోదైన సేవాసంస్థకో, లబ్ధిదారుల సంఘానికో, ప్రభుత్వ సంస్థకో చెందాలి. అంటే నిర్వహణ భారమూ వారిదే. విదేశీ విరాళాలపై 2020 సవరణ తరువాత పరిపాలనా ఖర్చులకు 20 శాతానికి మించి వాడరాదు. సంస్థ నమోదు రద్దయితే ఆ డబ్బుతో ఏర్పడిన ఆస్తులు ప్రభుత్వం నియమించిన అధికారి ఆధీనంలోకి వెళ్లవచ్చు.

ఈ పరిస్థితుల్లో ఒక చిన్న లెక్క ఉపయోగపడుతుంది. కోటి రూపాయల భవనానికి ఏటా రెండు శాతం, అంటే రెండు లక్షలు, మరమ్మతులకు అవసరమని అనుకుందాం. ఆరు శాతం వడ్డీ మీద ఆ మొత్తం రావాలంటే దాదాపు 33 లక్షల మూలధనం కావాలి. అంటే సేకరించే ప్రతి నాలుగు రూపాయల్లో ఒకటి భవనం మీద కాక బ్యాంకులో ఉండాలి. ధరల పెరుగుదలను కలిపితే అదీ చాలదు. ఈ షరతుకు దాత ఒప్పుకోకపోతే భవనాన్ని చిన్నదిగా కట్టడమే మంచిది.

నకాశీ చేతికి వచ్చినప్పుడు ఏమి అడగాలి?

సేవాసంస్థ నిర్వాహకులు ఇంజినీరింగ్ చదివి ఉండనవసరం లేదు. కొన్ని ప్రశ్నలు అడగగలిగితే చాలు. కరెంటు పోయిన మే మధ్యాహ్నం ఈ వార్డులో మనిషి ఉండగలడా? జూలై వానలో కిటికీ తెరిచి ఉంచగలమా? పైకప్పు కురిస్తే ఊరి మేస్త్రీ బాగుచేయగలడా? ఈ భూమి మీద ఎవరి హక్కునైనా మనం కాలరాస్తున్నామా? ఇరవై ఏళ్ల తరువాత ఈ వ్యాధి లేకపోతే ఈ గదులను దేనికి వాడతాం?

ఈ ప్రశ్నలకు కాగితం మీదే జవాబు రాబట్టడానికి ఖర్చేమీ కాదు. గోడలు లేచిన తరువాత అవే జవాబులకు రోగుల కోసం దాచిన డబ్బు ఖర్చవుతుంది.